కొలవని అంకెలు

రేవతి పుట్టింది సంగంలో, మెట్టింది చిల్లకూరులో. భర్త పెంచలప్రసాద్‌కు హైవే పక్కన పంక్చర్ల అంగడి ఉంది. ఆమె ఉద్యోగం మాత్రం సముద్రం వైపు, రొయ్యల గుంటల నడుమ ఉన్న తూర్పుపాళెం సబ్‌సెంటర్లో. తొమ్మిదేళ్లుగా రోజూ స్కూటీ మీద పోయి వస్తోంది. సూది నొప్పి తెలియకుండా వేస్తుందని పేరు. ఆ చుట్టుపక్కల ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ నర్సమ్మే.

రెండేళ్ల కిందట డిపార్ట్‌మెంటు వాళ్లు ఫోన్లు ఇచ్చినప్పుడు ఎక్కువ సంతోషించిన మనిషి రేవతే. అప్పటిదాకా పెద్ద పెద్ద రిజిస్టర్లు. ఒకే పేరు మూడు చోట్ల రాయాలి, నెలాఖరున కూర్చుని మళ్లీ ఫారాల్లోకి ఎక్కించాలి. ఫోన్లో ఆ గొడవ లేదు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషి పేరూ అందులోనే ఉంటుంది. బీపీ కొలిచి అంకె వేస్తే చాలు. ఎక్కువగా ఉంటే పేరు ఎర్రగా మారుతుంది, మళ్లీ ఏ రోజు చూడాలో అదే చెబుతుంది. అదుపులో ఉంటే పచ్చగా మారుతుంది. ఆ మనిషి సొంత ఫోనుకు తెలుగులో మెసేజి కూడా పోతుంది. సిగ్నల్ లేని ఊళ్లో కొలిచినా పర్వాలేదు, రాసింది ఫోన్లోనే ఉండి, సిగ్నల్ అందే చోటికి రాగానే పైకి వెళ్లిపోతుంది. గుల్లదిబ్బ లాంటి ఊళ్ల కోసమే ఆ ఏర్పాటు చేశామని శిక్షణలో చెప్పారు.

గుల్లదిబ్బ సబ్‌సెంటరుకు ఏడు కిలోమీటర్లు. దారిలో ఉప్పుకాలువ మీద నీటిమట్టానికి కట్టిన సిమెంటు చప్టా దాటాలి. నలభై ఇళ్లు, రేకుల కప్పుతో ఒక చర్చి. మగవాళ్లు రొయ్యల గుంటల్లో, ఆడవాళ్లు రొయ్యలు ఒలిచే షెడ్లలో పని చేస్తారు. ఊళ్లో సిగ్నల్ ఉండదు, ఆ గుంటల దగ్గరా షెడ్ల దగ్గరా మాత్రం అందుతుంది. నెలనెలా బీపీ చూడాల్సిన జాబితాలో ఆ ఊరి పేర్లు పదకొండు.

అందులో ఒకరు యెహోషువ. యాభై మూడేళ్లు. గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోటార్లు బాగుచేసేవాడు. జూలైలో రేవతి అతని ఇంటి అరుగు మీద కూర్చుని బీపీ చూసింది. నూట అరవై ఎనిమిది, కింద నూట నాలుగు. అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూసినా అంతే.

"నాకేం నొప్పి లేదు గదమ్మా," అన్నాడు యెహోషువ నవ్వుతూ.

"నొప్పి ఉండదన్నా. అదే దీంతో వచ్చిన తంటా. రోజూ ఒక మాత్ర వేసుకో. వారంలో మళ్లీ వచ్చి చూస్తా," అని నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి వచ్చింది.

ఆ వారంలో పోలేదు. చిన్నపిల్లల టీకాల కార్యక్రమం వచ్చి పడింది. ఆ పైవారం స్కూటీ రిపేరు. గుల్లదిబ్బలో ఆశా కార్యకర్తగా ఉండే మెర్లిన్ కాన్పు కోసం బిట్రగుంటలో పుట్టింటికి వెళ్లింది. ఆమె ఉండి ఉంటే రోజు మార్చి రోజు ఫోన్ చేసి, "అక్కా, ఎప్పుడొస్తావు?" అని సతాయించేది. అడిగేవాళ్లు లేకపోయేసరికి ఆగస్టు అట్లాగే గడిచిపోయింది.

ఆగస్టు ముప్పై ఒకటో తారీఖున సబ్‌సెంటర్లో ఫోన్ తెరిస్తే జాబితా మొత్తం పూర్తయింది, ఒక్క గుల్లదిబ్బ తప్ప. పదకొండు పేర్లు. యెహోషువ పేరు ఎర్రగా ఉంది. సాయంత్రం అయిదులోగా పంపకపోతే మండలం మొత్తం మీద తూర్పుపాళెం ఒక్కటే వెనకబడినట్టు కనిపిస్తుంది. బయట ఎండ మండిపోతోంది. ఆమెకు ఆ రోజు జలుబు కూడా. వచ్చే వారం పోయి నిజంగా చూసి వద్దాం, ఇప్పటికి ఏదో ఒకటి వేద్దాం అనుకుంది. మొదటి పేరు నొక్కి 124/78 వేసింది. రెండో పేరుకు వేరే అంకె వేసింది, అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని. యెహోషువ పేరు దగ్గర కాస్త ఆగింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కువ వేస్తే ఫోన్ ఊరుకోదు. మూడు రోజుల్లో మళ్లీ చూడమంటుంది, డాక్టరుకు చూపించావా అని అడుగుతుంది. 130/84 వేసింది. పేరు పచ్చగా మారింది. సిగ్నల్ లేని ఊళ్లో కొలిచినట్టు గుర్తు పెట్టింది. మొత్తం పని పది నిమిషాలు పట్టలేదు.

వచ్చే వారం పోలేదు. సెప్టెంబరు చివర్లో అదే పని మళ్లీ చేసింది. ఈసారి జలుబు కూడా లేదు.

అక్టోబరు మొదటి వారంలో మండల సమావేశం జరిగింది. పీహెచ్‌సీ డాక్టరు నరేంద్రబాబు గోడ మీద తెర వేసి ఊరివారీగా లెక్కలు చూపించాడు. తూర్పుపాళెం మొత్తం పచ్చగా ఉంది. "చప్టా అవతల ఊళ్లు పెట్టుకుని కూడా నూటికి నూరు చేసింది. ఎట్లా చేస్తున్నావో వీళ్లకు కాస్త చెప్పు రేవతీ," అన్నాడు. రేవతి లేచి నిలబడింది. దూరంగా ఉన్న ఊళ్లను నెల మొదట్లోనే ముగించుకోవాలని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కూర్చున్నాక చెవులు వేడెక్కాయి. అయినా, ఈ నెల తప్పకుండా పోతాను కదా అని సర్దుకుంది.

ఆ నెల వానలు పట్టుకున్నాయి. పదిహేనో తారీఖుకి చప్టా మునిగింది. నెలాఖరు దాకా రెండు అడుగుల నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఈసారి మనసులో గింజులాట కూడా లేదు. పోవాలన్నా పోలేని నెల. ముప్పై ఒకటో తారీఖున పదకొండు అంకెలు వేసి, యెహోషువకు 128/82 రాసి, ఇంటికి వెళ్లిపోయింది.

నవంబరు నాలుగున చప్టా మీద నీళ్లు తీశాయి. ఆరో తారీఖు పొద్దున పది గంటలకు రెబెక్కమ్మ సబ్‌సెంటరు మెట్లెక్కి వచ్చింది. యెహోషువ భార్య. మోకాళ్ల దాకా బురద. మెడలో ఎప్పుడూ ఉండే నల్లపూసల గొలుసు లేదు. చేతిరుమాలులో చుట్టిన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నర్సమ్మా, దీంట్లో ఏం రాసుండాదో కాస్త చదివి చెప్పమ్మా. నాకు చదువు రాదు. ఆయన పేరు మాత్రం గుర్తుపడతా. బైబులు అట్ట మీద రాసుకోనుండాడు గదా, రోజూ చూసేదాన్ని. ఆయన పేరే వచ్చింది దీంట్లో. ఆయన పోయినాక వచ్చింది."

రేవతికి ఆ చివరి మాట సరిగా ఎక్కలేదు. "పోయినాక అంటే? యాడికి పోయినాడు యెహోషువన్న?"

రెబెక్కమ్మ ఆమె వైపు విచిత్రంగా చూసింది. "నీకు తెలీదా? ఆయన లేడు గదమ్మా. పోయిన నెల పంతొమ్మిదో తారీఖు. గుంటకాడ మోటారు బిగిస్తా బిగిస్తా కూలబడినాడు. చప్టా మునిగుంటే పడవలో దాటించి నెల్లూరు తీసకపోయినారు. తలలో నరం చిట్లిందన్నారు. తెల్లారేదాకా కూడా లేడు."

రేవతి ఫోన్ అందుకుంది. మెసేజి వచ్చింది నవంబరు ఒకటిన. చదవక ముందే అందులో ఏముందో ఆమెకు తెలుసు. యెహోషువ గారూ, మీ బీపీ 128/82. అదుపులో ఉంది. మీ ఆరోగ్యం మా బాధ్యత.

"ఏదో కంపెనీ మెసేజి లేమ్మా. అందరికీ వస్తా ఉంటాయి," అంది.

"కంపెనీదా? ఆయన పేరుంటే?"

"పేరు పెట్టే పంపిస్తారు."

"కాదమ్మా. ఇది నాకు తెలుసు. ఇంతకుముందు రెండు వచ్చినాయి ఇట్టాంటివే. ఆయనే చదివి చెప్పినాడు. బీపీ బాగుండాదని గవర్నమెంటోళ్లు పంపినారంట." రెబెక్కమ్మ కుర్చీ అంచున కూర్చుంది. "కొలవకుండా వాళ్లకెట్టా తెలుస్తాదయ్యా అని అడిగినా. నీకు తెలీదులే రెబెక్కా, ఇప్పుడన్నీ ఫోన్లోనే తెలుస్తాయి, చేతికి వాచీ పెట్టుకుంటే గుండె కొట్టుకునేది చెబుతా ఉండాది, ఇది నా జేబులోనే గదా ఉండేది రోజంతా అన్నాడు. మోటార్ల మనిషి గదా. మిషను చెప్పిందంటే దేవుడు చెప్పినట్టే ఆయనకి. నువ్విచ్చిన మాత్రలు అయిపోయినాయి. మళ్లీ తెచ్చుకోమంటే, అదుపులో ఉంటే మాత్రలెందుకే అన్నాడు."

రేవతి ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇది పాతదేమో. ఆలస్యంగా వచ్చుంటాది," అంది.

"అట్టనా." రెబెక్కమ్మ ఫోన్ మళ్లీ రుమాలులో చుట్టుకుంది. "ఒక సాయం చెయ్యమ్మా. ఈ పంపేవాళ్లు ఎవరో వాళ్లకి ఒక మాట చెప్పు, ఆయన పోయినాడని. పాపం వాళ్లకి తెలీదు. నెలనెలా మరిచిపోకుండా ఆయన సంగతి అడిగినోళ్లు. మొన్న ఆయన పేర చర్చిలో జరిగిన ఆదరణ కూడికలో పాస్టరు గారితో వాళ్లకోసం కూడా ప్రార్థన చేయించినా."

మంచినీళ్లు తాగి పొమ్మని కూడా అనలేకపోయింది రేవతి. రెబెక్కమ్మ తనే కుండలో ముంచుకుని తాగి, బురదకాళ్ల గుర్తులు పడ్డాయని నొచ్చుకుని, మెట్లు దిగి వెళ్లింది.

ఆమె వెళ్లాక రేవతి ఫోన్ తీసింది. యెహోషువ పేరు నొక్కి, మరణించారు అన్న గడిలో టిక్కు పెట్టి, అక్టోబరు పంతొమ్మిది అని తేదీ వేసింది. ఆ తేదీని ఫోన్ ఒప్పుకోలేదు. మరణ తేదీ చివరి పరీక్ష తేదీకి ముందు ఉండరాదు అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. చివరి పరీక్ష అక్టోబరు ముప్పై ఒకటి. దాన్ని తీసేద్దామని చూస్తే, పంపేసిన వివరాలు మార్చడానికి వీలులేదంది. నాలుగైదు సార్లు ప్రయత్నించింది. ప్రతిసారీ అవే అక్షరాలు.

ఆ మధ్యాహ్నమే పీహెచ్‌సీకి పోయి డాక్టరుకు చెప్పింది. ముందు సగమే చెప్పింది, ఎంట్రీ పొరపాటుగా పడిందని. నరేంద్రబాబు రోగుల చీట్ల మీంచి తల ఎత్తకుండానే, "అయితే నవంబరు ఒకటి వేసేయ్. తీసుకుంటుంది," అన్నాడు.

"ఆయన పోయింది పంతొమ్మిదిన సార్."

"మరణ ధ్రువపత్రం వేరే. దానికీ దీనికీ లింకు లేదు. ఇది మన లోపలి లెక్క. ఒకటి వేసేయ్."

"సార్, నేను వాళ్లను చూడలేదు. అక్టోబరే కాదు. మూడు నెలలు. పదకొండు మందినీ చూడలేదు."

అప్పుడు తల ఎత్తాడు. బయట వరుసలో నిలబడ్డ వాళ్లకు వినిపించిందేమోనని తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించి, "ఈ మాట నాకు చెప్పినావు, సరే. ఇంకెవరికీ చెప్పొద్దు. జిల్లాకు పోయిన లెక్కలివి. నీ ఉద్యోగం ఒక్కటే కాదు, ఇక్కడ అందరి మెడకూ చుట్టుకుంటుంది. ఇంటికి పోయి ఆలోచించుకో," అన్నాడు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు. పెంచలప్రసాద్ చూసి అడిగాడు. చెప్పింది. అతను నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. తర్వాత, "నువ్వేం కావాలని చెయ్యలేదు గదా," అన్నాడు.

"కావాలనే చేసినా," అంది రేవతి. "ఎంత వెయ్యాలా అని ఆలోచించి మరీ వేసినా."

ఆమెను తినేస్తున్నది యెహోషువ చావు ఒక్కటే కాదు. ఆ పొద్దున తను ఆడిన రెండు అబద్ధాలు కూడా. మొగుణ్ని పోగొట్టుకుని ఏడు కిలోమీటర్లు బురదలో నడిచి వచ్చిన మనిషి, చదువు రాని మనిషి, ఎదురుగా కూర్చుంటే, తనను తాను కాపాడుకోవడానికి నోటికి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చింది! ఒక అబద్ధం పట్టుబడగానే ఇంకోటి. తొమ్మిదేళ్లుగా తనను నర్సమ్మా అని పిలిచిన ఆ పిలుపు ఇప్పుడు గుర్తొస్తే ఒళ్లు ముడుచుకుపోతోంది.

మరునాడు బీపీ మిషను, మాత్రల డబ్బా సంచిలో వేసుకుని గుల్లదిబ్బకు పోయింది. చప్టా మీద పాచి పట్టి ఉంటే స్కూటీ ఇవతలే నిలిపి నడిచి దాటింది. ఒక్కో ఇంటికీ పోయి మిగిలిన పదిమందినీ చూసింది. ఎవరూ ఎందుకు రాలేదని అడగలేదు. వానలు గదా, ఎట్టా వస్తావులే అన్నారు. కుర్చీలు వేశారు. ఒకరు చేపలపులుసు తిని పొమ్మన్నారు. ఆ ఆదరణ ఒక్కో ఇంటి దగ్గరా ఆమెకు దెబ్బలా తగిలింది.

నలుగురికి ఎక్కువగా ఉంది. అందరికంటే ఎక్కువ పిచ్చమ్మకు. అరవై ఏళ్లు పైబడిన మనిషి, షెడ్డులో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్లు వంకర్లు పోయాయి. నూట తొంభై రెండు, కింద నూట పది. రేవతి రెండోసారి, మూడోసారి చూసింది.

"తల దిమ్ముగా ఉండాదా పిచ్చమ్మా?"

"నెల నుంచి ఉండాది. చలిగాలికేమోలే అనుకున్నా. బీపీ అయితే బాగానే ఉండాదంటనే? మా కోడలు ఫోన్లో వచ్చింది. నూట పద్దెనిమిదంట." పిచ్చమ్మ సంతోషంగా చెప్పింది.

రేవతి అక్కడే మాత్ర వేయించింది. ఆటో మాట్లాడి, చప్టా అవతలికి పిచ్చమ్మను చెయ్యి పట్టి దాటించి, కోడలిని తోడిచ్చి పీహెచ్‌సీకి పంపింది. ఆటో మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ చప్టా దాటి ఊళ్లోకి వచ్చింది. ఇక మిగిలింది ఒక్క ఇల్లు.

రెబెక్కమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అరుగు మీద యెహోషువ పనిముట్ల పెట్టె తెరిచి ఉంది. తడిసిన రెంచీలు, స్క్రూడ్రైవర్లు తుడిచి ఎండకు పరిచి ఉన్నాయి. "రామ్మా, కూర్చో. చెప్పినావా వాళ్లకి?" అంది.

రేవతి కూర్చోలేదు. "రెబెక్కమ్మా, నిన్న నీకు అబద్ధం చెప్పినా. ఆ మెసేజీలు ఎవరో పంపినవి కాదు. నేను అంకెలు వేస్తే వచ్చినవి. కొలవకుండా వేసినా. సబ్‌సెంటర్లో కూర్చుని, నా నోటికొచ్చిన అంకెలు వేసినా."

రెబెక్కమ్మ చేట కింద పెట్టలేదు. అర్థం కానట్టు చూసింది.

"మూడు నెలలు ఆయన్ని ఎవరూ చూడలేదు. నేను రావాల్సిన దాన్ని. రాలేదు. బాగుండాదని రాసినా."

"ఎందుకు?" అంది రెబెక్కమ్మ. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

రేవతి దగ్గర జవాబు ఉంది, కానీ అది నోటితో అనడానికే చిన్నతనంగా ఉంది. "నెలాఖరు లోపల పంపాల. పంపకపోతే మాట వస్తాది. ఎక్కువ వేస్తే మళ్లీ రావాల. అందుకని."

వాకిట్లో కోడి ఒకటి చేట దగ్గరికి వచ్చింది. రెబెక్కమ్మ దాన్ని అదిలించింది. తర్వాత అడిగింది.

"జూలైలో చూసినావు గదా. అప్పుడెంతుండింది?"

"నూట అరవై ఎనిమిది."

"ఎక్కువా అది?"

"ఎక్కువే."

"అంటే ఆయనకి ఉండింది. తెలిసే ఉండింది నీకు."

"తెలుసు."

"మాత్రలు వేసుకోనుంటే బతికుండేవాడా?"

తెలీదు అనేయొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆ మాట వెనక దాక్కోవడం అవుతుందని రేవతికి తెలుసు. "కచ్చితంగా చెప్పలేనమ్మా. బతికేదానికి అవకాశం ఉండింది. చాలా ఉండింది," అంది.

రెబెక్కమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చేటలోకి చూస్తూ, తనలో తాను అనుకున్నట్టుగా, "ఆయన ఆ మెసేజి నలుగురికీ చూపించినాడు. మోటారు కండిషన్లో ఉండాదంట అని నవ్వినాడు," అంది. ఆ తర్వాత తల ఎత్తకుండానే, "నువ్వింక పోమ్మా. నాకు పనుండాది," అంది.

రేవతి చేతులు జోడించబోయి, అది కూడా తన కోసమే చేస్తున్న పని అనిపించి, ఆగిపోయింది. ఊరి మధ్యలోంచి నడిచి వచ్చేటప్పుడు ఇళ్ల ముందు మనుషులు పలకరించారు. వాళ్లకింకా తెలియదు. సాయంత్రానికి తెలుస్తుంది. వంచిన తల ఎత్తకుండా చప్టా దాటింది.

ఆ రాత్రికి ఆలస్యం చేయకుండా ఇంట్లోనే కూర్చుని కాగితం రాసింది. ఏ నెల, ఏ తారీఖు, ఎవరి పేరుకు ఏ అంకె వేసిందో, నవంబరు ఏడున కొలిస్తే నిజంగా ఎంత ఉందో పక్కపక్కన రాసింది. కింద సంతకం పెట్టింది. పొద్దున నరేంద్రబాబు చేతికిచ్చింది. అతను మొత్తం చదివాడు. పిచ్చమ్మను ముందురోజు అతనే చూసి, గూడూరు పెద్దాసుపత్రికి పంపాడు. కాగితాన్ని మడిచి మళ్లీ విప్పాడు.

"చప్టా మునిగిందని నాకూ తెలుసు రేవతీ," అన్నాడు చివరికి. "నీటిలో ఎట్లా పోయినావని ఒక్కసారి కూడా అడగలేదు. తెర మీద పచ్చగా ఉండింది. చాలనుకున్నా." కాగితం మీద తన సంతకం కూడా పెట్టి జిల్లాకు పంపించాడు.

విచారణకు ఇద్దరు వచ్చారు. గుల్లదిబ్బలో ఇంటింటికీ తిరిగి అడిగారు. రేవతిని రెండు నెలలు సస్పెండు చేశారు. మిగిలిన సబ్‌సెంటర్లలో కూడా సిగ్నల్ లేని ఊళ్ల లెక్కలన్నీ మళ్లీ కొలవమన్నారు. దాంతో మండలంలో సగం మంది నర్సులు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఒకామె ఫోన్ చేసి, "నువ్వు మంచిదానివైపోవాలని మమ్మల్ని దొంగల్ని చేసినావు," అని పెట్టేసింది. రేవతికి కోపం రాలేదు. తను మంచిదయ్యానని ఆమెకు ఒక్కక్షణం కూడా అనిపించలేదు. యెహోషువ పేరు మీద ఉన్న మూడు అంకెలనూ పైవాళ్లు కొట్టేసి, కొలవలేదు అని రాశారు. అప్పుడుగానీ ఫోన్ పంతొమ్మిదో తారీఖును ఒప్పుకోలేదు. పిచ్చమ్మ వారం ఆసుపత్రిలో ఉండి తిరిగొచ్చింది.

జనవరిలో రేవతిని మళ్లీ అక్కడికే వేశారు. ఆ చవుటనేలకు వస్తామన్నవాళ్లు ఇంకెవరూ దొరకలేదు. ఒక షరతు పెట్టారు. ప్రతి అంకెనూ ఆశా కార్యకర్త కూడా మిషను మీద చూసి, తన ఫోన్లోంచి సరే అనాలి. మెర్లిన్ పసిబిడ్డతో గుల్లదిబ్బకు తిరిగి వచ్చింది. విషయం ఆమెకు తెలుసు. మునుపటిలా అక్కా అక్కా అని వెంటపడి మాట్లాడేది కాదు. పని మాత్రం చేసేది.

చర్చి వసారాలో బల్ల వేసుకుని పదిహేను రోజులకోసారి చూసేవాళ్లు. మొదటిసారి నలుగురే వచ్చారు. రెండోసారి పిచ్చమ్మ వచ్చి చెయ్యి చాపి, "గట్టిగా బిగించి చూడు. ఈసారి నిజమైంది చెప్పు," అని అందరి ముందూ నవ్వింది. ఆమె ఎగతాళి చేసిందో, మామూలుగానే అన్నదో రేవతికి తెలియలేదు. పట్టీ గట్టిగా బిగించింది.

ఆ రెండుసార్లూ రెబెక్కమ్మ రాలేదు. ఫిబ్రవరిలో, మూడోసారి బల్ల వేసినప్పుడు వచ్చింది. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులు చన్నీళ్లకు నానిపోయి ఉన్నాయి. వరుసలో నిలబడి తన వంతు వచ్చినప్పుడు బల్ల ముందు కూర్చుంది. రేవతి వైపు చూడకుండా, రవిక చెయ్యి పైకి లాగి, ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది. తొమ్మిదేళ్లలో వందల చేతులకు కట్టిన పట్టీ. ఈ చేతికి కట్టడానికి రేవతికి చాలాసేపు పట్టింది. మిషను బుసకొట్టి, ఆగి, అంకెలు చూపించింది.

రేవతి నోరు తెరవబోయింది.

"నువ్వు చెప్పబాక," అంది రెబెక్కమ్మ. "మెర్లినూ, నువ్వు చూసి చెప్పు."

మెర్లిన్ భుజం మీది బిడ్డను సర్దుకుని, వంగి మిషను చూసింది. "నూట యాభై రెండు, తొంభై నాలుగు అత్తా. కొంచెం ఎక్కువుండాది."

"మాత్ర వేసుకోవాల్నా?"

మెర్లిన్ రేవతి వైపు చూసింది. రేవతి తల ఊపి, మాత్రల అట్ట మెర్లిన్ చేతికిచ్చింది. మెర్లిన్ దాన్ని రెబెక్కమ్మ చేతిలో పెట్టి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకోమని చెప్పింది. రెబెక్కమ్మ అట్టను కొంగున ముడేసుకుని వసారా దిగి పోయింది.

రేవతి తల వంచుకుని ఫోన్లో అంకె వేసింది. మెర్లిన్ తన ఫోన్లో సరే నొక్కింది. రెబెక్కమ్మ పేరు ఎర్రగా మారింది.

"తర్వాత ఎవరు?" అంది మెర్లిన్.